నర్స్ ప్రాక్టీషనర్ క్లినిక్ రివ్యూ: అరిజోనాలో రాసిన మందు టెక్సాస్‌లో రాయరు

బీపీ, షుగర్, థైరాయిడ్, దగ్గు, జలుబు, యూరిన్ ఇన్ఫెక్షన్ లాంటివాటికి టెక్సాస్‌లో ఉన్న మనవాళ్లు ఏ టెన్షనూ లేకుండా నర్స్ ప్రాక్టీషనర్ (పైచదువు చదివి, పేషెంట్లని చూసి మందులు కూడా రాసే నర్సు) దగ్గరికి వెళ్లిపోవచ్చు. "డాక్టర్ కాదటగా" అని గింజుకోనక్కర్లేదు. కానీ పిల్లాడికి ఏడీహెచ్‌డీ (దేని మీదా దృష్టి నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం) మందు రాయించాలన్నా, గట్టి నొప్పి మాత్రలు కావాలన్నా, అపాయింట్‌మెంట్ బుక్ చేసే ముందే ఫోన్ చేసి "ఈ మందు మీరు రాయగలరా" అని మందు పేరు చెప్పి మరీ అడగండి. అడక్కపోతే కోపే (ఇన్సూరెన్స్ ఉన్నా విజిట్‌కి మనం కట్టే వాటా) కట్టి, పిల్లాణ్ణి స్కూల్ మాన్పించి, ఉత్త చేతులతో ఇంటికొస్తారు, మేం వచ్చినట్టు.

క్లినిక్ పేరు రాయడం లేదు. డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కో వైపు, ఒక స్ట్రిప్ మాల్‌లో ఉంటుంది, అంతవరకు చాలు. పేషెంట్లను చూసేదంతా ఎన్‌పీలే (నర్స్ ప్రాక్టీషనర్లని ఇక్కడ అందరూ అలాగే అంటారు). గోడ మీద ఒక డాక్టర్ గారి సర్టిఫికెట్లు ఫ్రేమ్ కట్టి పెట్టారు, ఆయన మాత్రం మాకు ఎప్పుడూ కనపడలేదు. మేం చాండ్లర్ నుంచి, అంటే అరిజోనా నుంచి, మా ఆయన ఉద్యోగం మారితే ఇటు వచ్చాం. అక్కడ కూడా మాకు ఫ్యామిలీ ఎన్‌పీయే, ఆవిడ సొంత క్లినిక్, అందులో డాక్టర్ అనేవారే లేరు. కాబట్టి ఇక్కడికి రాగానే మళ్లీ ఎన్‌పీనే వెతుక్కున్నాం, పైగా డాక్టర్ల దగ్గర కొత్త పేషెంట్‌గా చేరాలంటే వారాలకొద్దీ ఆగమన్నారు, ఇక్కడేమో అదే వారంలో స్లాట్ దొరికింది.

మంచి ముందు చెబుతా. ఇండియా నుంచి వచ్చిన మా అత్తయ్యకి ఒక రోజు తల తిరుగుతోందంటే తీసుకెళ్లాం. విజిటర్ ఇన్సూరెన్స్ పాత జబ్బులకి పనికిరాదు కాబట్టి చేతి డబ్బే. లోపలికి వచ్చినావిడ "నేను నర్స్ ప్రాక్టీషనర్‌ని" అని పరిచయం చేసుకోగానే అత్తయ్య నా వైపు తిరిగి తెలుగులో "నర్సు సరే, డాక్టరు గారు ఎప్పుడొస్తారే" అన్నారు. ఆవిడకి తెలుగు రాకపోయినా విషయం అర్థమైనట్టుంది, నవ్వి ఊరుకుంది, ఏమీ అనుకోలేదు. తర్వాత అత్తయ్య పర్సులోంచి తీసిన మాత్రల స్ట్రిప్ తీసుకుని, వెనక్కి తిప్పి, కళ్లద్దాలు పైకి జరుపుకుని, ఆ సన్న అక్షరాలు చదివింది. టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్ రెండూ కలిపిన మాత్ర. ఎప్పుడు వేసుకుంటారు, పొద్దున్నా రాత్రా, ఉపవాసం రోజు మానేస్తారా, ఉప్పు ఎంత, ఊరగాయలు ఎంత, అన్నీ అడిగింది. కూర్చోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూసింది. నిలబడితే బాగా పడిపోతోందని తేలింది. ఒకే మాత్ర బదులు రెండు మందులు విడివిడిగా రాసి ఒకదాని డోసు తగ్గించింది, వారం పాటు రోజూ బీపీ రాసుకోమని కాగితం ఇచ్చింది. ఇంత ఓపిగ్గా చూసిన డాక్టర్లు నాకు ఇక్కడా తక్కువే తగిలారు, అక్కడా తక్కువే. అత్తయ్య కూడా కారెక్కాక "బాగానే చూసింది పాపం" అన్నారు, ఆవిడ నోటి నుంచి అది పెద్ద సర్టిఫికెటే.

ఇక ఫార్మసీలో మందు తీసుకున్నాక ఆ సీసా లేబుల్ చూడండి, అసలు కథ అక్కడుంది. చాండ్లర్‌లో మా సీసాల మీద ఒకటే పేరు ఉండేది, మా ఎన్‌పీది. ఇక్కడ రెండు పేర్లు. ఒకటి మమ్మల్ని చూసినావిడది, రెండోది గోడ మీద సర్టిఫికెట్లలో ఉన్న ఆయనది. టెక్సాస్ చట్టం ప్రకారం ఎన్‌పీకి మందు రాసే అధికారం సొంతంగా ఉండదు, ఒక డాక్టర్ తన అధికారాన్ని ఆవిడకి అప్పగించాలి. దానికి ఇద్దరి మధ్యా రాతపూర్వక ఒప్పందం ఉండాలి, ఏటా చూసుకుని సంతకాలు పెట్టాలి, కొన్ని చార్టులు (పేషెంట్ల రికార్డులు) డాక్టర్ తిరగేయాలి, నెలకోసారి మాట్లాడుకోవాలి. ఒక డాక్టర్ మామూలుగా ఏడుగురికి మించి అప్పగించకూడదు, ఆస్పత్రులకీ, వైద్యం సరిగ్గా అందని ప్రాంతాల్లో పనిచేసేవాళ్లకీ మినహాయింపులున్నాయి. ఈ పద్ధతి 2013లో వచ్చిన చట్టంతో మొదలైంది. డాక్టర్ అదే బిల్డింగ్‌లో కూర్చోవాలని మాత్రం ఎక్కడా లేదు. అందుకే ఆయన కనపడరు.

ఇందులో పేషెంట్‌కి తగిలే దెబ్బ ఏంటో నా థైరాయిడ్ రీఫిల్ అప్పుడు తెలిసింది. ఏళ్ల తరబడి వేసుకుంటున్న లెవోథైరాక్సిన్, డోసు మారలేదు, రక్తపరీక్ష అప్పుడే అయింది. ఫార్మసీ వాళ్లు క్లినిక్‌కి రీఫిల్ రిక్వెస్ట్ పంపారు, జవాబు లేదు. మళ్లీ పంపారు, లేదు. ఫోన్ చేస్తే ఫ్రంట్ డెస్క్ అమ్మాయి చాలాసేపు హోల్డ్‌లో పెట్టి, చివరికి చల్లగా "మా డాక్టర్ మారుతున్నారండీ, కొత్త ఒప్పందం అయ్యేదాకా ప్రిస్క్రిప్షన్లు వెళ్లవు" అంది. అంటే ఎన్‌పీ ఉంది, నా రిపోర్టు ఆవిడ కంప్యూటర్‌లోనే ఉంది, మందు ఏంటో ఆవిడకి తెలుసు, కానీ ఒప్పందం లేదు కాబట్టి రాయడానికి వీల్లేదు. ఇది చట్టం పెట్టిన ఇబ్బందే, కాదనను. కానీ ఆ ఒప్పందంలోనే ప్రత్యామ్నాయ డాక్టర్ పేరు పెట్టుకునే వీలుంది, డాక్టర్ మారుతున్నారని ముందే తెలిసినప్పుడు పేషెంట్లకి ఒక మెసేజ్ పెట్టే వీలు అంతకన్నా బాగా ఉంది. ఆ రెండూ చేయలేదు. ఇక్కడ మార్కులు క్లినిక్‌కే తగ్గిస్తా.

ఇప్పుడు మా బాబు విషయం. వాడికి ఏడీహెచ్‌డీ, మిథైల్‌ఫెనిడేట్ వాడతాడు, చాండ్లర్‌లో మా ఎన్‌పీయే రాసేది, బరువు, బీపీ, నిద్ర చూసుకుంటూ. ఈ మందుకి ఫెడరల్ రూల్ ప్రకారం రీఫిల్స్ ఉండవు, ప్రతిసారీ కొత్త ప్రిస్క్రిప్షన్ రావాలి. అందుకని డబ్బా అయిపోవచ్చేసరికి ఇంట్లో అందరికీ కంగారే. కొత్త క్లినిక్ వెబ్‌సైట్‌లో సర్వీసుల లిస్టులో ఏడీహెచ్‌డీ అని స్పష్టంగా ఉంది. బుక్ చేసేటప్పుడు కారణం దగ్గర కూడా అదే రాశాం. పాత రికార్డులన్నీ ముందే పంపించాం. వెళ్లాం, ఎత్తు, బరువు చూశారు, ప్రశ్నల కాగితం నింపించారు, ఎన్‌పీ వచ్చి వాడితో కబుర్లు కూడా చెప్పింది. అంతా అయ్యాక "ఇది షెడ్యూల్ రెండు మందు, టెక్సాస్‌లో క్లినిక్‌లో కూర్చుని నేను రాయలేను" అంది.

షెడ్యూల్ అంటే, దుర్వినియోగం అయ్యే అవకాశాన్ని బట్టి ఫెడరల్ ప్రభుత్వం మందుల్ని ఐదు తరగతులు చేసింది, కంట్రోల్డ్ మందులు అంటారు వీటినే. ఒకటో తరగతివి హెరాయిన్ లాంటివి, మామూలుగా రాసేవి కావు. రెండులో గట్టి నొప్పి మందులు ఆక్సికోడోన్, మార్ఫిన్, ఇంకా ఏడీహెచ్‌డీకి వాడే స్టిమ్యులెంట్ మందులు, అంటే మా బాబు వాడే మిథైల్‌ఫెనిడేట్, యాడరాల్ ఉంటాయి. మూడు నుంచి ఐదు దాకా కాస్త తక్కువ రకాలు, కోడీన్ కలిపిన టైలెనాల్, ట్రమడాల్, నిద్రమాత్ర జోల్పిడెమ్, ప్రీగాబలిన్ వగైరా. టెక్సాస్‌లో ఎన్‌పీ మూడు, నాలుగు, ఐదు రాయొచ్చు, అదీ రీఫిల్స్‌తో కలిపి 90 రోజులకి మించకుండా. రెండో తరగతి మాత్రం ఆస్పత్రిలో చేరినవాళ్లకి, ఎమర్జెన్సీలో ఉన్నవాళ్లకి, హాస్పిస్ (చివరి దశ సంరక్షణ) పేషెంట్లకి తప్ప రాయకూడదు. హైడ్రోకోడోన్ కలిపిన నొప్పి మాత్రలు 2014 అక్టోబర్ దాకా మూడో తరగతిలో ఉండేవి, అప్పుడు వాటిని రెండులోకి మార్చారు, ఆ ఒక్క మార్పుతో టెక్సాస్ క్లినిక్‌లలో ఎన్‌పీల చేతిలోంచి అవి కూడా పోయాయి. మందూ అదే, మనిషీ అదే.

తమాషా ఏంటంటే ఈ మందులు రాయడానికి ఫెడరల్ ప్రభుత్వం, అంటే ఇలాంటి మందుల మీద నిఘా పెట్టే డీఈఏ సంస్థ, ఎన్‌పీలకి నంబర్ ఇస్తుంది. ఎం అక్షరంతో మొదలవుతుంది వాళ్ల నంబర్. కానీ ఆ నంబర్‌తో ఏ తరగతి దాకా రాయొచ్చన్నది రాష్ట్రం ఇష్టం. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టు.

ఎన్‌పీ మాట దాచలేదు, అది నాకు నచ్చింది. "కావాలంటే ఆటోమోక్సెటిన్ రాయగలను, అది కంట్రోల్డ్ మందు కాదు" అంది. ఒక్క నిమిషం ఆశ పుట్టింది. తర్వాత ఆవిడే "కానీ ఇప్పుడున్నది బాగా పనిచేస్తుంటే మార్చమని నేను చెప్పను, పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లండి" అని రెఫరల్ పెట్టింది. సరిగ్గా నేను ఈ రివ్యూ రాయడానికి కారణం ఇదే. పిల్లాడికి ఒక మందు పడట్లేదు కాబట్టి ఇంకోటి మార్చడం వైద్యం. రాసే మనిషికి చట్టం ఒప్పుకోవట్లేదు కాబట్టి మార్చడం వైద్యం కాదు. మాకు దొరికినావిడ నిజాయితీ గలది కాబట్టి ఆగింది, ఇంకొకరైతే ఏమీ చెప్పకుండా "ఇది కూడా మంచి మందే" అని రాసి పంపించేవాళ్లేమో, మనకి తెలిసేది కూడా కాదు.

ఇంత చదివి "అయితే ఎన్‌పీలు తక్కువ చదువుకున్నవాళ్లు, అందుకే ఆంక్షలు" అనుకుంటే పొరపాటు, అదే చదువు, అదే నేషనల్ సర్టిఫికేషన్ ఉన్న మనిషి అరిజోనాలోనో, న్యూ మెక్సికోలోనో, వాషింగ్టన్‌లోనో, కొలరాడోలోనో ఉంటే సొంత సంతకంతో రాస్తుంది. సగానికి పైగా రాష్ట్రాల్లో ఇప్పుడు ఎన్‌పీలకి పూర్తి అధికారం ఉంది. మిగతా చోట్ల ఒక్కో రాష్ట్రానిదీ ఒక్కో లెక్క. కాలిఫోర్నియాలో 2020లో చట్టం చేసి 2023 నుంచి అమల్లో పెట్టారు, ముందు మూడేళ్లు లేదా 4,600 గంటలు అనుభవం ఉండాలి. న్యూయార్క్‌లో ఆ గీత 3,600 గంటలు. మసాచుసెట్స్ 2021లో తలుపు తెరిచింది, యూటా 2023లో. ఫ్లోరిడా 2020లో ప్రైమరీ కేర్ వరకు 3,000 గంటలు దాటినవాళ్లకి ఇచ్చింది. జార్జియా అయితే మరీ, ఎన్‌పీలని అసలు మందులు రాయనివ్వడానికే 2006 దాకా పట్టింది, దేశం మొత్తంలో చివరిది అదే. అట్లాంటా నుంచి సియాటిల్‌కో, సియాటిల్ నుంచి డాలస్‌కో ఉద్యోగాల కోసం తిరిగే మనలాంటివాళ్లకి ఈ తేడాలు ఇల్లు మారాకే తెలుస్తాయి. స్కూల్ రేటింగ్ చూస్తాం, ఆస్తి పన్ను చూస్తాం, ఇది ఎవరు చూస్తారు?

ఇక డాక్టర్ల సంఘాల వాదన కూడా వినాలి, అది ఉత్త స్వార్థం అని కొట్టిపారేయలేం. ఫ్యామిలీ డాక్టర్ మెడికల్ స్కూల్ తర్వాత మూడేళ్లు రెసిడెన్సీ (పేషెంట్లని చూస్తూ తీసుకునే శిక్షణ) చేస్తాడు, మొత్తం మీద పేషెంట్లతో గడిపే శిక్షణ పది వేల గంటలకి పైనే ఉంటుందని వాళ్లంటారు. ఎన్‌పీ చదువులో క్లినికల్ గంటలు కనీసం 500 అని చాలాకాలం ఉండేది, 2022 ప్రమాణాల్లో దాన్ని 750 చేశారు. ఎన్‌పీలు అంతకుముందు నర్సుగా ఏళ్ల తరబడి పనిచేసి ఉండొచ్చు, కానీ అందరూ అలా ఉండరు. మరోపక్క 2000లో జామా అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం ఒకటుంది, న్యూయార్క్‌లో 1,316 మంది పేషెంట్లని కొందరిని ఎన్‌పీలకీ, కొందరిని డాక్టర్లకీ లాటరీ వేసినట్టు పంచారు, ఆరు నెలల తర్వాత చూస్తే ఆరోగ్యంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అయితే ఆ ఎన్‌పీలకి డాక్టర్లతో సమానంగా మందులు రాసే అధికారం ఉంది, అది మర్చిపోకూడదు. చేతులు కట్టేసి పోల్చిన పోలిక కాదది.

నాకేమనిపిస్తుందంటే, గుండె, కిడ్నీ, షుగర్ మూడూ కలిసి పదిహేను మాత్రలు మింగే మనిషికైతే నేను డాక్టర్ దగ్గరికే తీసుకెళ్తా, ఏ రాష్ట్రమైనా సరే. మామూలు కుటుంబ వైద్యానికి మాత్రం ఈ ఒప్పందం వల్ల నాకు ఒరిగింది ఏమీ కనపడలేదు. గోడ మీద ఉన్నాయన మా అత్తయ్య చార్టు చూశారో లేదో మాకు తెలియదు. ఈ సంతకానికి ఎన్‌పీలు డాక్టర్లకి నెలనెలా డబ్బు కట్టే చోట్లు ఉన్నాయి, ఆ ఖర్చు చివరికి ఎవరి బిల్లులో తేలుతుందో చెప్పక్కర్లేదు. అసలు ఈ వృత్తి పుట్టిందే డాక్టర్లు చాలక. 1965లో కొలరాడోలో లోరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టర్ కలిసి మొదటి ప్రోగ్రామ్ పెట్టారు, పల్లెల్లో పిల్లల్ని చూసేవాళ్లు లేరని. ఇద్దరూ కలిసి మొదలుపెట్టిన పని మీద ఇప్పుడు రెండు వర్గాలూ రాష్ట్ర రాజధానుల్లో కొట్టుకుంటున్నాయి. టెక్సాస్ శాసనసభ మామూలుగా రెండేళ్లకోసారే కూర్చుంటుంది, ఎన్‌పీలకి పూర్తి అధికారం ఇమ్మని బిల్లు వస్తూనే ఉంటుంది, ఆగిపోతూనే ఉంటుంది.

డబ్బు సంగతి కూడా అడుగుతారు. మెడికేర్ (ముఖ్యంగా 65 దాటినవాళ్లకి ఉండే ప్రభుత్వ ఇన్సూరెన్స్) ఎన్‌పీకి డాక్టర్ ఫీజులో 85 శాతమే ఇస్తుంది, మన గ్రీన్‌కార్డ్ పెద్దవాళ్లు మెడికేర్‌లో ఉంటే వాళ్ల వాటా కూడా ఆ మేరకు తగ్గుతుంది. మా ఆఫీస్ ఇన్సూరెన్స్‌లో మాత్రం కోపేలో తేడా ఏమీ లేదు, డాక్టరైనా ఎన్‌పీయైనా అంతే కట్టాం. మందు రాయలేనన్న రోజు కూడా అంతే కట్టాం, వెనక్కి ఇమ్మంటే "విజిట్ అయిందిగా అండీ" అన్నారు. నిజమే, అయింది.

వెళ్లాలనుకునేవాళ్లకి ఒక మాట. ఫోన్‌లో "ఏడీహెచ్‌డీ చూస్తారా" అని అడిగితే చూస్తామనే అంటారు, అది అబద్ధం కూడా కాదు, పరీక్ష చేస్తారు, కంట్రోల్డ్ కాని మందులు రాస్తారు. కాబట్టి మందు పేరు చెప్పి, ఎవరు రాస్తారు, ఆ డాక్టర్ మీ క్లినిక్‌లో ఏ రోజుల్లో ఉంటారు అని అడగండి. వేరే రాష్ట్రం నుంచి మారుతుంటే పాత చోట ఇవ్వగలిగినంత మందు రాయించుకునే బయల్దేరండి, షెడ్యూల్ రెండు మందుకైనా వేర్వేరు తేదీలకి ప్రిస్క్రిప్షన్లు పెట్టి 90 రోజుల దాకా రాయడానికి ఫెడరల్ రూల్ ఒప్పుకుంటుంది. చాండ్లర్‌లో మా ఎన్‌పీని అడిగితే రాసేదే, ఎవరూ ఈ సంగతి మాకు చెప్పలేదు.

ఇప్పుడు మా ఇంట్లో ఏర్పాటు ఇలా ఉంది. నా థైరాయిడ్, మా ఆయన కొలెస్ట్రాల్, అత్తయ్య వచ్చినప్పుడు ఆవిడ బీపీ, అన్నీ ఇదే క్లినిక్‌లో ఇదే ఎన్‌పీ దగ్గర. బాబు మందు ప్లేనోలో ఒక పిల్లల డాక్టర్ దగ్గర, ఆయన లోపలికొచ్చి ఐదు నిమిషాలు ఉంటే ఎక్కువ, వాడి వైపు చూసేది తక్కువ, స్క్రీన్ వైపు చూసేది ఎక్కువ. కానీ ఆయన సంతకం చెల్లుతుంది.

ఎన్‌పీకి ఐదుకి ఐదు. ఫ్రంట్ డెస్క్‌కి రెండు, అదీ ఫోన్ ఎత్తుతారు కాబట్టి. క్లినిక్ మొత్తానికి మూడున్నర. వాళ్ల వెబ్‌సైట్‌లో ఏడీహెచ్‌డీ అన్న లైన్ పక్కన "స్టిమ్యులెంట్ మందులు ఇక్కడ రాయబడవు" అని ఒక్క ముక్క పెడితే నాలుగు చేస్తానని మెయిల్ కూడా పెట్టా. మీ ఫీడ్‌బ్యాక్ మాకు ముఖ్యం అని ఆటోమేటిక్ రిప్లై వచ్చింది, లైన్ మాత్రం అలాగే ఉంది.